తేదీ కాదు, గుడ్డు కన్ను చూడాలి: ఒక ఆఫ్రికన్ కిల్లీఫిష్ కేస్ స్టడీ

కేసు ఎలా వచ్చింది

హన్మకొండలో చదువుకుంటున్న ఒక కుర్రాడు చిన్న జిప్ కవర్ పట్టుకుని హైదరాబాద్‌లోని మా ఇంటికి వచ్చాడు. కవర్‌లో తడి పీట్, అంటే కుళ్లిన నాచు పొట్టు. ఆ పీట్‌లో కిల్లీఫిష్ అనే చిన్న రంగుల చేప గుడ్లు. ఈ రకం గుడ్లను తడి పొట్టులో నెలల తరబడి దాచి, తర్వాత నీళ్లు పోసి పిల్లల్ని రప్పిస్తారు. పైన అంటించిన చీటీలో చేప పేరు నోథోబ్రాంకియస్ ఫర్జెరి అని, దాని కింద అది ఏ చోటి చేపో చెప్పే గుర్తు జీఆర్‌జెడ్ అని, గుడ్లు తీసిన నెల, నీళ్లు పోయాల్సిన తేదీ రాసి ఉన్నాయి. అతను సరిగ్గా ఆ తేదీకే నీళ్లు పోశాడు. తెల్లారేసరికి పదిలోపు పిల్లలు బయటికొచ్చాయి. వాటిలోనూ రెండో మూడో తప్ప మిగతావి పైకి లేచి ఈదలేక, టబ్బు అడుగున పొట్ట మీద పాకుతూ వారం తిరక్కుండానే చనిపోయాయి. పీట్‌ని వడకట్టి, పిండి, మళ్లీ అదే కవర్‌లో వేసి తెచ్చాడు.

“అన్నా, ఇందులో ఇంకేమైనా మిగిలి ఉందంటారా? అమ్మినతన్ని అడిగితే గుడ్లు దారిలో పాడై ఉంటాయి, పారేయమన్నాడు” అన్నాడు.

పారేయొద్దని చెప్పాను. ఆ కవర్‌లోని గుడ్లను ఎలా పరీక్షించాం, ఎందుకు ఆగాం, వచ్చిన పిల్లలను ఎలా పెంచాం, మధ్యలో ఏ జబ్బు పట్టుకుంది, తర్వాతి తరం గుడ్లను ఎలా దాచాం అన్నదే ఈ కేసు. మన దగ్గర కిల్లీలు పెంచేవాళ్లు తక్కువ. మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఇలాంటి కవర్ ఒకటి పారేసి, ఈ చేప మనకు అచ్చిరాదని వదిలేసినవాళ్లే. వాళ్లను దృష్టిలో పెట్టుకునే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి పరీక్ష

గుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది, గసగసాల గింజంత. ముదురు గోధుమరంగు పీట్‌లో అది అంత తేలిగ్గా కంటికి ఆనదు. తెల్ల పింగాణీ ప్లేటులో చిటికెడు పీట్ చల్లి, మొబైల్ టార్చ్‌ని పక్కనుంచి వేసి, పది రెట్లు పెద్దగా చూపించే లూప్‌తో ఒక్కో గుడ్డూ చూశాం.

మూడు రకాలు కనిపించాయి. కొన్ని తెల్లగా మసకబారి, చుట్టూ బూజు పట్టినవి. అవి చచ్చిన గుడ్లు, తీసి పారేశాం. చాలా కొద్ది గుడ్లు ముదురు రంగుకు తిరిగి, లోపల రెండు పెద్ద నల్లటి కళ్లు, కంటిపాప చుట్టూ బంగారు రంగు వలయంతో ఉన్నాయి. అంటే లోపల పిల్ల పూర్తిగా తయారై, నీళ్లు తగలడం కోసం ఎదురుచూస్తోంది. మిగిలినవన్నీ మూడో రకం. పారదర్శకంగా, గట్టిగా, లోపల నూనె చుక్కలు తప్ప ఇంకేమీ లేనట్టు కనిపించేవి. అటూ ఇటూ దొర్లించి చూస్తే కొన్నింటిలో సన్నటి వంపు గీత ఆనింది. అది పిండం వెన్ను. కన్ను మాత్రం ఇంకా నల్లబడలేదు.

“ఇవి ఉత్త గుడ్లు కాదా అన్నా?” అని అడిగాడు. కాదు. ఫలదీకరణ జరగని గుడ్డు కొన్ని రోజుల్లోనే తెల్లబడుతుంది, దాన్ని బూజు తినేస్తుంది. నెలల తరబడి తడి పీట్‌లో ఉండి, ఒకసారి నీళ్లలో నాని, మళ్లీ ఆరి కూడా స్వచ్ఛంగా ఉందంటే లోపల ప్రాణం ఉన్నట్టే. అది చచ్చిపోలేదు, ఎదుగుదల ఆపుకుని కూర్చుంది.

కాబట్టి నా నిర్ధారణ ఇది: గుడ్లు బాగానే ఉన్నాయి, చీటీ మీది తేదీ వాటికి సరిపడలేదు. ఈ చేప విషయంలో ముందే రాసిన ఏ తేదీనీ నమ్మకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే అది పుట్టిన నేల సంగతి తెలియాలి.

ఎండిపోయే కుంటల్లో బతుకు

జింబాబ్వే ఆగ్నేయ మూలన, మొజాంబిక్ సరిహద్దును ఆనుకుని గొనారెఝౌ నేషనల్ పార్క్ ఉంది. ఏనుగులకు పేరున్న అడవి. 1968లో చేపలు సేకరించే రిచర్డ్ ఫర్జర్ అక్కడి సజాలే పాన్ అనే కుంటలో ఈ చేపను పట్టాడు. 1971లో జబ్ అనే శాస్త్రవేత్త దీన్ని కొత్త జాతిగా వర్ణించి, ఫర్జర్ పేరే పెట్టాడు. జీఆర్‌జెడ్ అన్న మూడక్షరాలు ఆ పార్క్ పేరులోవే. ఇవాళ దేశదేశాల అక్వేరియాల్లో, ల్యాబుల్లో ఆ గుర్తుతో ఉన్న చేపలన్నీ అప్పట్లో అక్కడినుంచి వచ్చినవాటి సంతతే. తర్వాత దక్షిణ మొజాంబిక్‌లోని చాలా కుంటల్లోనూ ఈ జాతి దొరికింది.

అది వాన తక్కువ పడే మెట్ట ప్రాంతం. నవంబరు, డిసెంబరు నెలల్లో వానలు మొదలై పల్లపు చోట్ల నీళ్లు నిలుస్తాయి. కొన్ని కుంటలు కొన్ని వారాలకే ఎండిపోతాయి, కొన్ని కొన్ని నెలలు నిలబడతాయి. అన్ని గుంటల్లోనూ నోథోలు, అంటే ఈ నోథోబ్రాంకియస్ చేపలు, ఉండవు. అడుగున ఉండే మట్టిని బట్టి ఉంటాయి. ఆ మట్టి తెలుగు రైతుకు బాగా పరిచయమైనదే. నేల శాస్త్రంలో వర్టిసాల్స్ అనే తరగతికి చెందిన బంకమన్ను, మన నల్లరేగడి కూడా ఆ తరగతిలోదే. తడిస్తే ఉబ్బి, నీటిని కిందికి దిగనివ్వదు. ఎండితే నెర్రెలిచ్చి, లోపల మాత్రం కాస్త చెమ్మ పట్టి ఉంచుతుంది. నోథో గుడ్డుకు ఈ రెండు గుణాలూ కావాలి.

కుంట నిండగానే గుడ్లు దాదాపు ఒకేసారి పగులుతాయి. చేప చెవిలోని చిన్న రాయిలో రోజుకో వలయం ఏర్పడుతుంది. పరిశోధకులు ఆ వలయాలు లెక్కపెట్టి చూస్తే, ఒకే కుంటలో పట్టిన చేపలన్నీ దాదాపు ఒకే ఈడువని తేలింది. ఆ తర్వాత వాటి పరుగు మొదలవుతుంది. గుడ్డు నుంచి వచ్చిన 14 రోజులకే గుడ్లు పెట్టే స్థితికి ఎదిగిన చేపలు మొజాంబిక్ కుంటల్లో కనిపించాయని 2018లో ప్రచురించిన ఒక పరిశోధన చెప్పింది. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంత త్వరగా ఈడుకు వచ్చేది ఇంకొకటి తెలియదు.

నీళ్లు బురదబురదగా ఉంటాయి. లోతు లేని కుంట కాబట్టి పగలు బాగా వేడెక్కి, రాత్రికి చల్లబడుతుంది, ఒక్క రోజులోనే పది డిగ్రీల తేడా మామూలే. తిండికి లోటు ఉండదు. నీటి ఈగలు, చిన్న రొయ్యజాతి పురుగులు, దోమ లార్వాలు కావలసినన్ని. తినేవాళ్లకూ లోటు లేదు. కొంగలు, లకుముకి పిట్టలు, పెద్ద నీటి నల్లులు వేటాడుతూనే ఉంటాయి. మగచేప ఒళ్లంతా నీలి ఆకుపచ్చ మెరుపు, పొలుసు అంచున ఎరుపు. ఆడచేప మట్టిరంగులో కలిసిపోతుంది. కుంటల్లో వల వేస్తే ఆడవే ఎక్కువ పడుతుంటాయి. రంగున్నవి ముందు దొరికిపోవడం, మగవి ఒకదాన్నొకటి తరుముకుని దెబ్బతినడం దీనికి కారణాలుగా చెబుతారు.

నీళ్లున్నన్నాళ్లూ రోజూ గుడ్లు పెడుతూనే ఉంటాయి. మగచేప పక్కన చేరి, వీపు రెక్కను ఆడచేప మీద కప్పి, అడుగు మట్టికి అదిమి పట్టుకుంటుంది. ఒక్క వణుకు, ఒక్క గుడ్డు మట్టిలోకి. ఆ తర్వాత ఒకరోజు కుంట ఎండిపోతుంది. పెద్దచేపలన్నీ చనిపోతాయి, ఒక్కటీ మిగలదు. ఆ జాతి మొత్తం మళ్లీ వాన పడేదాకా మట్టిలో, గుడ్డు రూపంలోనే ఉంటుంది. మనం చేప అని పిలిచేది ఏడాదిలో కొన్ని వారాలు, కొన్ని నెలలు మాత్రమే. మిగతా కాలమంతా గుడ్డుదే. అందుకే ఈ చేపను పెంచేవాడి పని ట్యాంకు దగ్గర సగం కూడా ఉండదు, పీట్ కవర్ దగ్గరే ఎక్కువ.

గుడ్డు లోపల ఎదుగుదల మూడు చోట్ల ఆగగలదు. దీన్ని డయాపాజ్ అంటారు. ఈ మూడు మజిలీలనూ జాన్ వోర్మ్స్ 1972లో వివరంగా రాశాడు. మొదటిది కణాలు ఇంకా చెల్లాచెదురుగా ఉన్నప్పుడు, పిండం ఆకారమే రాకముందు. రెండోది వెన్ను ఏర్పడి, మెదడు, గుండె రూపు కడుతున్నప్పుడు. మూడోది పిల్ల పూర్తిగా తయారయ్యాక, బయటికి రావడానికి ముందు. ప్రతి గుడ్డూ అన్నిచోట్లా ఆగాలని లేదు. కొన్ని రెండో మజిలీని దాటేసి నేరుగా పెరుగుతాయి, కొన్ని అక్కడే నెలల తరబడి ఉండిపోతాయి. ఒకే తల్లి ఒకే రోజు పెట్టిన గుడ్లలోనే ఈ తేడా ఉంటుంది.

ఇది లోపం కాదు, ఆ నేలలో బతకడానికి ఉన్న ఏకైక దారి. అక్కడ తొలి వాన చాలాసార్లు మోసం చేస్తుంది. కుంట సగం నిండి, పది రోజుల్లో ఇగిరిపోతుంది. గుడ్లన్నీ ఆ వానకే పగిలితే ఆ కుంటలో జాతి అంతటితో సరి. కొన్ని ఈ వానకు, కొన్ని వచ్చే వానకు, కొన్ని వచ్చే ఏటికి అన్నట్టు ఉంటేనే ఏదో ఒక విడత బతికి గుడ్లు పెడుతుంది. ఆ తేడా లక్షల ఏళ్లుగా గుడ్డులో స్థిరపడిపోయింది. కుర్రాడి టబ్బులో పదిలోపు పిల్లలు మాత్రమే రావడం కూడా అదే తేడా.

ఏం చేశాం

గుడ్లు తీసిన నెల చూస్తే చలికాలం. అమ్మినచోట గది చల్లగా ఉండి ఉంటుందని నా అంచనా. చల్లదనంలో ఎక్కువ గుడ్లు రెండో మజిలీలో ఆగిపోతాయి, వెచ్చదనంలో ఎక్కువ గుడ్లు ఆగకుండా ముందుకు సాగుతాయి. అందుకని కవర్‌ని వెచ్చగా ఉంచాలని నిర్ణయించాం.

ముందు పీట్‌ని సరిచేశాం. నీళ్లలో నాని వచ్చింది కదా, చెమ్మ ఎక్కువగా ఉంది. పేపర్ల మీద పరిచి, నీడలో ఆరబెట్టి, గంటకోసారి చేత్తో చూస్తూ వచ్చాం. గుప్పిట్లో పిండితే చుక్క కారకూడదు, కానీ వేళ్లకు చల్లగా తగలాలి, గుప్పిట విప్పితే ముద్దగా ఉండకుండా విడిపోవాలి. అంతకంటే తడి ఉంటే బూజు పడుతుంది, అంతకంటే ఆరితే గుడ్డు నొక్కుకుపోతుంది. కిల్లీల పెంపకంలో చేతికి అలవాటు కావలసినది ఏదైనా ఉంటే అది ఇదే. ఎవరి దగ్గరైనా కూర్చుని ఒకసారి తాకి చూస్తే చాలు, ఎన్ని పేజీలు చదివినా అంత బాగా తెలియదు.

తర్వాత కొత్త కవర్‌లో కొంచెం గాలి ఉంచి మూసి, థర్మాకోల్ పెట్టెలో 28 డిగ్రీల దగ్గర పెట్టాం. వారానికోసారి చిటికెడు పీట్ తీసి కళ్లు చూడటం, తెల్లబడినవి ఏరేయడం, అంతే. కుర్రాడు మధ్యలో చాలాసార్లు ఫోన్ చేశాడు. “అన్నా, ఇప్పుడైనా పోద్దామా?” ప్రతిసారీ నేనడిగింది ఒక్కటే: ఎన్నింటికి కళ్లొచ్చాయి? 

నెల దాటాక మార్పు మొదలైంది. ఒక గుడ్డులో నల్ల చుక్కలు కనిపించాయి, మరో వారానికి పదింటిలో నాలుగైదింటికి. సగానికి పైగా గుడ్లలో బంగారు వలయం స్పష్టంగా కనిపించేదాకా ఆగాం. కన్ను నల్లబడటం చాలదు, వలయం రావాలి. పిల్ల గుడ్డు నిండా చుట్టుకుని, తోక తలదాకా వచ్చి ఉండాలి. ఈ గుర్తుకు ముందు నీళ్లు పోస్తే వచ్చే పిల్ల బలహీనంగా ఉంటుంది.

ఇన్నాళ్లు ఆగితే పిల్లల ఆయుష్షు గుడ్డులోనే తరిగిపోదా అని అతనికి బెంగ. సహజమైన ప్రశ్నే. 2020లో స్టాన్‌ఫర్డ్‌లోని ఆన్ బ్రునే ల్యాబు ఈ జాతి మీదే చేసిన పనిలో దీనికి సమాధానం దొరికింది. డయాపాజ్‌లో చాలాకాలం గడిపిన గుడ్ల నుంచి వచ్చిన చేపలు, ఆగకుండా పెరిగినవాటితో సమానంగానే ఎదిగాయి, సమానంగానే గుడ్లు పెట్టాయి, సమానంగానే బతికాయి. ఆగిన కాలం ఆ చేప ఖాతాలో పడదన్నమాట.

రెండోసారి నీళ్లు

పొట్టతో పాకే పిల్లల సంగతి ఇక్కడ చెప్పాలి. గుడ్డు నుంచి రాగానే పిల్ల నీటి పైకి వచ్చి ఒక్క గుక్క గాలి మింగి, గాలితిత్తి నింపుకోవాలి. ఆ పని జరగకపోతే జీవితమంతా అడుగునే పాకుతుంది. తిండి అందుకోలేదు, జతకట్టలేదు. మొదటిసారి అలా జరగడానికి రెండు కారణాలు కలిశాయనుకుంటున్నాను. పిల్లలు కొన్ని పూర్తిగా తయారుకాలేదు, పైగా టబ్బులో జానెడు లోతు నీళ్లున్నాయి.

ఈసారి వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో పీట్ పరిచి, మూడు నాలుగు సెంటీమీటర్లు మించకుండా నీళ్లు పోశాం. నీటిని ముందే ఫ్రిజ్‌లో పెట్టి 17, 18 డిగ్రీలకు తెచ్చాం. చల్లటి నీళ్లు ఒక్కసారిగా తగలడం గుడ్డుకు వాన వచ్చిన కబురు. ఆ నీళ్లు మెల్లగా గది వేడికి రావడం మంచిదే, పిల్లకు చలాకీతనం వస్తుంది. ఏరేటర్ పెట్టలేదు, నీటి పైన తెట్టు లేకుండా టిష్యూ పేపర్‌తో తీసేశాం.

రెండు గంటల్లోపే మొదటి పిల్ల కనిపించింది. సాయంత్రానికి ట్రే నిండా కదలికే. పాకేవి ఈసారి కూడా కొన్ని వచ్చాయి, ఎంత జాగ్రత్త పడినా కొన్ని వస్తూనే ఉంటాయి. కానీ ఎక్కువ భాగం అడుగును వదిలి, నీటి మధ్యలో సమంగా ఈదుతూ మేతను వెతుక్కుంటున్నాయి. వాటిని చెంచాతో ఒక్కొక్కటిగా వేరే టబ్బులోకి మార్చాం. పీట్‌ని మళ్లీ ఆరబెట్టి దాచాం, ఎందుకంటే అందులో పారదర్శక గుడ్లు ఇంకా ఉన్నాయి.

పెంపకం

ఫర్జెరి పిల్ల పుట్టిన రోజునుంచే అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యజాతి జీవి) పిల్లల్ని తినగలదు. ఇది పెద్ద సుఖం. చాలా చిన్న చేపల పిల్లలకు ఇన్‌ఫ్యూజోరియా, అంటే నీటి సూక్ష్మజీవుల మేత, తయారుచేసుకుంటూ అవస్థ పడాలి. అయితే ఈ పిల్లకు ఆకలి ఎక్కువ, పెరిగే వేగం అలాంటిది. రోజుకు మూడుసార్లు ఆర్టీమియా, పొట్టలు నారింజ రంగులో నిండుగా కనిపించేదాకా. మూడో వారం నుంచి మోయినా అనే నీటి ఈగలు, ఆ తర్వాత చిన్న బ్లడ్‌వార్మ్‌లు, అంటే నీటిలో పెరిగే ఎర్రటి పురుగులు. రోజూ నీరు మార్చాం, ఎందుకంటే ఇంత మేత వేస్తే టబ్బు అడుగున అమ్మోనియా పోగుపడుతుంది. మా బోరునీళ్లు గట్టి నీళ్లు, కాస్త క్షారగుణం ఉన్నవి. చాలా చేపలకు అవి తలనొప్పి, నోథోలకు మాత్రం నప్పుతాయి.

ఎండాకాలంలో నీటి వేడి 30 దాటకుండా చూసుకోవడం ఒక్కటే కష్టమైంది. కుంటల్లో అంతకంటే వేడిని భరిస్తాయి కదా అనొచ్చు. భరిస్తాయి, కానీ అక్కడ రాత్రి చల్లబడుతుంది. మన ఇళ్లలో మే నెలలో రాత్రి కూడా నీళ్లు చల్లబడవు. ఎడతెగని వేడిలో చేప ఇంకా తొందరగా ముసలిదైపోతుంది. 24, 25 డిగ్రీలు నాకు మంచి లెక్క. గదిలో ఏసీ లేకపోతే నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పినా రెండు మూడు డిగ్రీలు దిగుతుంది.

మూడు వారాలకే మగవాటిలో రంగు తొంగిచూసింది. నెల దాటేసరికి ఒళ్లంతా మెరుపు, తోకకు పసుపు పట్టీ, దాని అంచున నలుపు. జీఆర్‌జెడ్ మగవాటి గుర్తు ఆ పసుపు తోకే. మొజాంబిక్ కుంటల్లో చాలాచోట్ల ఎర్రతోక మగవి, పసుపుతోక మగవి కలిసి ఉంటాయి. రంగు రాగానే మగవి తగవులు మొదలుపెట్టాయి. ట్యాంకులో కొబ్బరి పీచు గుత్తులు వేసి, కళ్లకు కళ్లు పడకుండా చేశాం. బలహీనమైనవాటిని వేరు చేశాం.

జబ్బు

అంతా బాగుందనుకున్న వారంలో చేపలు రెక్కలు ముడుచుకోవడం మొదలుపెట్టాయి. ఫిల్టర్ పైపుకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి, మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నాయి. లైట్లన్నీ ఆర్పి, టార్చ్‌ని ఏటవాలుగా వేసి చూస్తే వీపు మీద సన్నటి బంగారు పొడి. వెల్వెట్. నోథోలు పెంచేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే జబ్బు ఇది. పిసినోడినియం అనే ఏకకణ జీవి చర్మానికి, మొప్పలకు పట్టుకుని తింటుంది. కొంతకాలానికి రాలి అడుగున చేరి, విడిపోయి, ఈదే పిల్లకణాలను వదులుతుంది. అవి మళ్లీ చేపను వెతుక్కుంటాయి. అంతకుముందు వారం బయటినుంచి తెచ్చిన నీటిమొక్కలతోనే వచ్చి ఉంటుందని అనుకున్నాం.

కుర్రాడికి టెన్షన్ ఎక్కువైంది, కాపర్ మందు వేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. చిన్న టబ్బులో డోసు కాస్త అటూఇటూ అయినా చేపకే ప్రమాదం. పైగా రాగి తగిలితే మేతగా వేసే మోయినా చచ్చిపోతుంది. కళ్లుప్పు వాడాం. లీటరుకు గ్రాముతో మొదలుపెట్టి, రెండు రోజుల్లో లీటరుకు మూడు గ్రాములకు పెంచాం. ఈ పరాన్నజీవిలో కిరణజన్య సంయోగక్రియ కూడా జరుగుతుంది కాబట్టి ట్యాంకుకు మందపాటి దుప్పటి కప్పి చీకటి చేశాం. రోజూ మూడోవంతు నీరు మార్చి, మార్చిన నీటికి సరిపడా ఉప్పు కలిపాం.

కొన్ని చేపలు పోయాయి. అన్నింటికంటే బాగా రంగు తేలిన మగచేప కూడా వాటిలో ఉంది. దాన్ని చూసి కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు, నాకూ బాధేసింది. మిగతావి వారం పైచిలుకుకు రెక్కలు విప్పాయి. అప్పటినుంచి లీటరుకు గ్రాము ఉప్పు ఎప్పుడూ ఉంచుతున్నాం. కొత్త మొక్క ఏదైనా చేపలు లేని బకెట్‌లో కొన్ని వారాలు ఉన్నాకే ట్యాంకులోకి వస్తోంది. పట్టుకోవడానికి చేప లేకపోతే ఆ పరాన్నజీవి ఎక్కువకాలం బతకలేదు.

గుడ్లు తీయడం, దాచడం

ఒక మగచేపకు మూడు ఆడచేపల లెక్కన జతలు పెట్టాం. మగవి ఎక్కువైతే ఆడవాటికి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. గుడ్లు పెట్టడానికి పెరుగు డబ్బాలో సన్నటి ఇసుక నింపి పెట్టాం. పీట్ కంటే ఇసుక నాకు ఎందుకు ఇష్టమంటే, జల్లెడ పట్టగానే ఇసుక కిందికి దిగిపోయి గుడ్లు పైన మిగులుతాయి. ఎన్ని వచ్చాయో, ఎన్ని మంచివో కంటితో చూసుకోవచ్చు. బాగా తిన్న ఆడచేపలు రోజూ కొన్ని పదుల గుడ్లు పెడతాయి.

దాచడానికి మన కొబ్బరి పొట్టు వాడాం. ల్యాబుల్లో కూడా చాలాచోట్ల పీట్ బదులు కొబ్బరి పొట్టు మీదే ఈ గుడ్లను పొదుగుతారు. మార్కెట్లో దొరికే దిమ్మల్లో కొన్నింటిలో ఉప్పు ఎక్కువగా ఉంటుంది. కాబట్టి రెండు మూడుసార్లు నీళ్లలో నానబెట్టి పారబోసి, ఉడికించి, చల్లార్చి, పిండి వాడాలి. ఒక్కో కవర్‌లో వంద గుడ్లకు మించకుండా ఉంచాం. ఒకటి బూజు పడితే పక్కవాటికి పాకకుండా ఉండాలంటే రద్దీ ఉండకూడదు.

అసలు విషయం ఇక్కడుంది. గుడ్లన్నీ ఒకేచోట దాచలేదు. సగం కవర్లు 28 డిగ్రీల పెట్టెలో, సగం ఏసీ గదిలో కింది అరలో, 22 నుంచి 24 డిగ్రీల మధ్య. వెచ్చటి కవర్లలో నెల తిరిగేసరికి కళ్లు మొదలయ్యాయి, అయితే అన్నింటికీ రాలేదు. చల్లటి కవర్లలో కొన్ని నెలల తర్వాత కూడా ఎక్కువ గుడ్లు అలాగే పారదర్శకంగా ఉన్నాయి. అవే మా నిల్వ. ఒక తరానికి జబ్బు వచ్చినా, కరెంటు పోయి ఒక వేసవి రాత్రి ట్యాంకు మొత్తం ఖాళీ అయినా, కొన్ని కవర్లను పెట్టెలోకి మార్చి మళ్లీ మొదలుపెట్టవచ్చు. కుంట తన మట్టిలో ఏం చేస్తుందో మనం అలమారలో అది చేస్తున్నాం.

ముసలితనం

నాలుగో నెల దాటాక మగవాటి మెరుపు తగ్గింది. వెన్ను కాస్త వంగింది. ఒకప్పుడు మేత వేయగానే దూసుకొచ్చినవి మూలన నిలబడి చూస్తున్నాయి. ఇది జబ్బు కాదు, ముసలితనం. కొత్తవాళ్లు దీన్ని జబ్బనుకుని మందుల మీద మందులు పోస్తారు, అది పాపం. మెత్తటి మేత తక్కువ తక్కువగా వేస్తూ, నీళ్లు శుభ్రంగా ఉంచి, చిన్న మగవి తరమకుండా చూసుకుంటే చాలు.

శాస్త్రజ్ఞులను ఈ చేప ఆకర్షించింది కూడా ఇందుకే. 2003లో స్టెఫానో వాల్డెసాలిచి, అలెస్సాండ్రో చెల్లెరినో కలిసి రాసిన పరిశోధనలో జీఆర్‌జెడ్ చేపలు మూడు నెలల్లోపే జీవితం ముగించాయని చూపించారు. తర్వాత మేత, పెంచే పద్ధతి మారిన చోట్ల ఇవే ఇంకొంచెం ఎక్కువ బతికాయి. మొజాంబిక్ నుంచి వచ్చిన రకాల్లో ఆయుష్షు మరింత ఎక్కువ. 2015లో ఈ చేప జీనోమ్‌ను, అంటే దాని మొత్తం జన్యు సమాచారాన్ని, రెండు బృందాలు విడివిడిగా ప్రచురించాయి. మనిషి ముసలితనం గురించి పాతికేళ్లు పట్టే ప్రశ్నను ఈ చేపలో కొన్ని నెలల్లో అడగవచ్చు. జెనాలో, కొలోన్‌లో, స్టాన్‌ఫర్డ్‌లో పెద్ద ల్యాబులు ఈ పనిలో ఉన్నాయి. ఒకప్పుడు అభిరుచితో పెంచుకునేవాళ్లు తరం తర్వాత తరం నిలబెట్టి ఉండకపోతే సజాలే పాన్ చేపలు ఆ ల్యాబులదాకా వచ్చేవే కావు. నాకు ఆ సంగతి చాలా గర్వంగా అనిపిస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

“దోమల్ని తింటాయి కదా, వీటిని మన కుంటల్లో వదలొచ్చా?” అని అడుగుతుంటారు. వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దోమల కోసమని గంబూసియా, గప్పీ అనే విదేశీ చేపలను వదిలి మన చిన్న చేపలకు ఇప్పటికే చాలా నష్టం చేశాం. మన నేలకూ నల్లరేగడి కుంటలున్నాయి, ఎండాకాలం ఉంది, అందుకే ఈ గుడ్డు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వాడిన పీట్‌ని ఉడికించాకే పారేయండి. దోమల లార్వాలు తినే కిల్లీ మనకు ముందునుంచే ఉంది. అప్లోకైలస్ పాంచాక్స్, తల మీద వెండి చుక్కతో మన తీరప్రాంతపు కాలవల్లో నీటి పైనే తిరుగుతుంటుంది. దాని గుడ్లు ఎండను తట్టుకోవు, కానీ దానికి ఆ అవసరమూ లేదు.

రెండోది, కలపడం. మా కుర్రాడికి ఎర్రతోక మగవి కూడా కావాలనిపించింది. మొజాంబిక్ రకం ఒకటి దొరుకుతోంది, జీఆర్‌జెడ్ ఆడవాటితో కలుపుదామా అని అడిగాడు. కలిపితే పిల్లలు వస్తాయి, అందంగానూ ఉండవచ్చు. కానీ ఆ రోజుతో రెండు కుంటల పేర్లూ పోతాయి. జీఆర్‌జెడ్ అసలే ఒకే చోటునుంచి వచ్చి, తరతరాలు తమలో తాము జతకట్టిన సంతతి, జన్యువుల్లో వైవిధ్యం చాలా తక్కువ. ఆ లక్షణం వల్లే అది ల్యాబులకు పనికొస్తోంది. మొజాంబిక్ రకాల పేర్లలో ఎంజెడ్‌ఎం అని, దాని వెంట 04 అని ఒక అంకె, ఆ వెనక ఇంకో అంకె ఉంటాయి. అంటే మొజాంబిక్‌లో 2004లో, ఫలానా నంబరు చోట పట్టినవని. ఆ అంకెలు చెరిగిపోతే ఆ చేప ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. ఎర్రతోక కావాలంటే వేరే ట్యాంకు, వేరే జల్లెడ, వేరే కవర్లు పెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు.

ప్రస్తుత స్థితి

అతను తెచ్చిన పాత పీట్‌ని మూడోసారి కూడా తడిపాం. కన్ను వచ్చిన గుడ్లున్నాయని చూసుకున్నాకే తడిపాం, ఇంకో చిన్న విడత వచ్చింది. ఇప్పుడు హన్మకొండలో రెండో తరం పెద్దదైంది, మూడో తరం గుడ్లు కొబ్బరి పొట్టులో ఉన్నాయి. చల్లటి అరలోని కవర్లలో కొన్ని విశాఖపట్నంలో కిల్లీలు పెంచే ఒక మిత్రుడికి పంపాం, అన్ని గుడ్లూ ఒకే ఇంట్లో ఉండకూడదని. కవర్ మీద జాతి, చోటు, తరం, గుడ్లు తీసిన నెల, దాచిన వేడి రాశాం. వచ్చే వారం అతను మొదటి చిటికెడు ప్లేటులో చల్లి, కళ్లున్నాయో లేదో చూసి ఫోన్ చేస్తాడు.